చెవి చూడు, కన్ను చూడకు

"విప్పిందెవరు? నేనడిగేది అదొక్కటే. విప్పిందెవరు?"

మిరపకాయ అని పేరుపడ్డ కుర్రాడు అడిగేది అదొక్కటే, నిజమే. కాకపోతే తెల్లవారినప్పటి నుంచీ అదే అడుగుతున్నాడు. మోకాళ్ళ దాకా బురద. ఆ బురద కాళ్ళతోనే వంటింట్లోకి వచ్చేశాడు. ఇంకో రోజైతే "కాళ్ళు కడుక్కుని తగలడు" అంటూ అక్క గరిటె ఎత్తేది. ఇవాళ ఆమె కాళ్ళకీ అంతే బురద ఉంది.

అతని చేతిలో దూడ పలుపు వేలాడుతోంది. తెగిన పలుపైతే ఏ గొడవా ఉండేది కాదు, తప్పంతా దూడ మీదో తాడు మీదో తోసేసి ఊరుకునేవారు. ఇది తెగలేదు. శుభ్రంగా విప్పిన పలుపు.

పశువైద్యం చదివేవాళ్ళు పశువును కట్టే ముడి ఒకటుంది. కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే ఊడొస్తుంది. పశువు కాలు జారి మెడ బిగుసుకుంటే చటుక్కున విడిపించడానికి అలా కడతారు. అయితే దూడలు ఊరుకోవు, ఆ కొసను నోటితో లాగి ఆడుకుంటాయి. అందుకని కొసను తిరిగి ఉచ్చులోంచి దూర్చి పెడతారు. దాన్ని బయటికి తియ్యాలంటే మనిషి వేళ్ళు కావాలి.

ఊరికి దూరంగా, పొలాల మధ్య ఉన్న ఆ పెంకుటింట్లో మనుషులు నలుగురే. నలుగురూ ఆఖరి సంవత్సరం విద్యార్థులు. దొంగ అనేవాడు వచ్చి పలుపు విప్పి, దూడను మాత్రం వదిలేసి పోడు కదా.

"అక్కా, నువ్వు చెప్పు. నిన్న గడ్డి వేసే వంతు ఎవరిది?"

అక్క అంటే మిరపకాయకేం అక్క కాదు. ఆమె సొంత తమ్ముడు, ఏడాది చిన్నవాడైనా అదే క్లాసు, ఆ ఇంట్లోనే ఉంటూ అలా పిలుస్తాడు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. పాలు పోసే ముసలాయన కూడా "అక్కా, గిన్నె పట్టు" అంటాడు.

"నాదే. కట్టింది నేనే. కొస దూర్చాను కూడా."

"మరి?"

"మరి అని నన్నడిగితే?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరికీ తెలుసు. తెలిసి తెలిసి ఆ మాట నోటితో అనడానికి ఇద్దరికీ భయమే. వెనక తలుపు తీసే ఉంది. అందులోంచి పంపు కొట్టే చప్పుడు వస్తోంది.

కొట్టంలోంచి నాలుగో మనిషి, అందరూ కళ్ళజోడు అనే పిల్ల, పరిగెత్తుకొచ్చింది. పొద్దున దూడను పైకి లాగేటప్పుడు పెట్టుకున్న జోడు కాలువలో పడిపోతే, పెట్టె అడుగున ఉన్న పాత జోడు తీసి, విరిగిన కాడకి దారం కట్టుకుని తిరుగుతోంది పాపం. నలుగురిలో బాగా చదివేది ఆ పిల్లే.

"ఎముక బయటికొచ్చింది అక్కా. కట్టు పై అంచు దగ్గర. లోపలంతా ఇసక."

"సర్జరీ మేడంకి ఫోన్ చేశావా?"

"బయల్దేరారు."

మిరపకాయ పలుపును నేలకేసి కొట్టాడు. "అయిపోయింది! సోమవారం పరీక్ష! ఎగ్జామినర్ల ముందు కట్టు విప్పి దూడని నడిపించాలి. ఏం నడిపిస్తాం? ఎవర్ని నడిపిస్తాం?"

వాళ్ళ కాలేజీలో పద్ధతి అది. నలుగురికీ కలిపి ఒక కేసు ఇస్తారు. ఆసుపత్రికి వచ్చిన రోజు నుంచీ నయమయ్యే దాకా ఆ పశువు బాధ్యత ఆ నలుగురిదే. మార్కులు కూడా నలుగురికీ ఒకటే. వీళ్ళకొచ్చింది ముందుకాలు విరిగిన గిత్తదూడ. పుట్టిన వారానికే తల్లి తొక్కింది. కాలు సరిచేసి ప్లాస్టరు వేశారు, తెచ్చి ఇంటి కొట్టంలో పెట్టుకున్నారు. నలుగురూ వంతులేసుకుని పాలు పట్టారు, పేడ ఎత్తారు. మిరపకాయ నిరుడు ఈ పరీక్ష తప్పాడు. ఈసారి తప్పితే వాళ్ళ నాన్న ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాడో అతనికే తెలియదు.

పంపు చప్పుడు ఆగింది. తమ్ముడు బకెట్టు పట్టుకుని లోపలికొచ్చాడు.

"నేనే విప్పాను," అన్నాడు.

ఎంత మామూలుగా అన్నాడంటే, టీలో పంచదార నేనే వేశాను అన్నట్టు అన్నాడు.

*

ఈ తమ్ముడు పూర్వం ఇలాంటివాడు కాడు. అతని అసలు పేరు ఆ ఇంట్లో ఎవరూ వాడరు, వాగుడుకాయ అనేవాళ్ళు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కూడా మాట్లాడేవాడు, నురగ కక్కుకుంటూ. నిద్రలో కూడా ఏదో ఒకటి వాదించేవాడని అదే గదిలో పడుకునే మిరపకాయ ఫిర్యాదు. "నీ నోటికి కూడా ఒక ప్లాస్టరు వెయ్యాలిరా" అని అక్క రోజుకోసారి అనేది.

వేసినంత పనీ అయింది, దూడ కాలికి ప్లాస్టరు వేసిన రోజున.

ఆ రోజు తల పట్టుకున్నది వాగుడుకాయే. పశువుకి ఏం చేసినా ఒకడు తల పట్టుకోవాలి. వినడానికి చిన్న పనే, చేసేవాడికి తెలుస్తుంది. సర్జరీ మేడం మొదటి పాఠంలోనే చెబుతుంది: "చెవి చూడు, కన్ను చూడకు." పశువు ఎప్పుడు కొమ్ము విసరబోతోందో, ఎప్పుడు కాలు ఝాడించబోతోందో చెవి ముందే చెప్పేస్తుంది. కన్ను ఏమీ చెప్పదు. కంట్లోకి చూసినవాడు చేతిని మర్చిపోతాడు.

వాగుడుకాయ కంట్లోకి చూశాడు. ఎందుకు చూశాడో తెలియదు. ఎంతసేపు చూశాడో కూడా ఎవరూ గమనించలేదు. కట్టు వెయ్యడం అయిపోయింది, చేతులు కడుక్కున్నారు, మేడం వెళ్ళిపోయింది. వాడు మాత్రం దూడ తల ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. అక్క వెళ్ళి భుజం తట్టింది. తలెత్తి చూశాడు, నవ్వాడు. ఆ నవ్వు అక్కకి కొత్త. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహంలో అలాంటి నవ్వు ఎప్పుడూ చూడలేదు.

ఆ రోజు నుంచి మాట తగ్గింది. తగ్గితే తగ్గింది, చెవులకి సుఖం అనుకున్నారు మొదట. తర్వాత పుస్తకం ముట్టడం మానేశాడు. పోనీ పనీపాటా మానేశాడా అంటే అదీ లేదు. తన వంతూ, వీలైతే అందరి వంతూ వాడే చేసేవాడు. అంట్లు తోమేవాడు, నీళ్ళు మోసేవాడు, మిరపకాయ చెప్పులు కూడా కడిగి గోడకి ఆనించి పెట్టేవాడు. మిరపకాయకి ఒళ్ళు మండిపోయేది. "స్వాములవారూ, తమరు నా చెప్పులు ముట్టుకోకండి, నాకు పాపం తగులుతుంది" అని దణ్ణం పెట్టేవాడు. వాడు నవ్వి ఊరుకునేవాడు. నవ్వి ఊరుకునేవాడితో ఎంతసేపని పోట్లాడతారు?

మిగతా సమయమంతా కొట్టంలోనే ఉండేవాడు.

ఒక సాయంత్రం అక్క నీళ్ళ బకెట్టు పట్టుకుని అటుగా వెళ్ళింది. వాడు కొట్టం గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. దూడ వాడి మోకాలి మీద గడ్డం ఆనించింది. ఇద్దరూ పొలాల వైపు చూస్తున్నారు. అక్కడ చూడ్డానికేం లేదు, కోసేసిన చేను. అక్క ఆగిపోయింది. ఎందుకో ఆ బకెట్టు పక్కన పెట్టేసి తను కూడా వాళ్ళ పక్కన కూలబడాలనిపించింది. కూర్చునేదే. ఇంతలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి.

"అక్కా, ఒకటి చెప్పనా?" అన్నాడు వాడు, వెనక్కి తిరక్కుండానే.

"పరీక్షలయ్యాక చెబుదువుగానిలే," అని లోపలికి పరిగెత్తింది.

అలా ఒక్కసారి కాదు. అంట్లు తోముతూ అడిగాడు, బస్సులో అడిగాడు, ఒకసారి ఆమె బట్టలారేస్తుంటే క్లిప్పులు అందిస్తూ అడిగాడు. ప్రతిసారీ ఆమెది ఒకటే జవాబు. వింటే ఎక్కడ అది నిజమైపోతుందోనని ఆమె భయం. ఏదో జ్వరంలాంటిది వచ్చింది, దానంతటదే పోతుంది, మా తమ్ముడు మాకు మిగులుతాడు అనుకుంది. పోలేదు. ఇక తనవల్ల కాక, నిన్న సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి "నువ్వొచ్చి తీసుకెళ్ళు నాన్నా" అని ఏడ్చేసింది.

*

"నువ్వు విప్పావు," అన్నాడు మిరపకాయ. గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. అతను అరుస్తున్నంతసేపూ భయం లేదు, తగ్గితేనే భయం. "ఎందుకు విప్పావు?"

తమ్ముడు బకెట్టు కింద పెట్టాడు. "తెల్లారగట్ల వెళ్ళేసరికి లేచి నిలబడి ఉంది. తలుపు వైపు చూస్తోంది. పలుపు మెడకి ఒరుసుకుంటోంది. దానికీ నాకూ మధ్య ఆ తాడెందుకో నాకు అర్థం కాలేదు."

"అర్థం కాలేదా?"

"అప్పుడు కాలేదు."

"నాలుగేళ్ళు చదివావు కదరా! ప్లాస్టరు వేసిన కాలితో తిప్పకూడదని ఒకటో తరగతి పిల్లాడిక్కూడా తెలుసు!"

"నా వెనకే వచ్చింది. పక్కనే ఉంది. నేను కళ్ళు మూసుకున్నా. కాసేపే." ఆగాడు. "తెరిచేసరికి లేదు. గడ్డి కోసం కాలవ గట్టు దిగింది."

మిరపకాయ చెయ్యి లేచింది. అక్క "ఒరేయ్!" అంది గానీ కదల్లేదు. కదలలేదో, కదలాలనిపించలేదో ఆమెకే తెలియదు. ఒక దెబ్బ పడితే వీడు మేలుకుంటాడేమో అన్న ఆశ కూడా ఎక్కడో ఉంది. తమ్ముడు తప్పుకోలేదు, కళ్ళార్పలేదు. లేచిన చెయ్యి అలాగే కాసేపు ఉండి కిందికి దిగిపోయింది. మిరపకాయ గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో నాన్న.

బస్సు దిగి పొలం గట్ల మీద నడిచొచ్చాడు. దర్జీ ఆయన. కొట్లో ఉన్నవాడు ఉన్నట్టు బయల్దేరాడేమో, కొలతల టేపు మెడలో అలాగే ఉంది. వచ్చీ రాగానే కొడుకుని కింద నుంచి పైదాకా చూశాడు. ఆయన చూస్తే కొలిచినట్టే.

"నడుము తగ్గింది. భుజాలు బానే ఉన్నాయి," అన్నాడు. తర్వాత టేపు కొస వేలికి చుట్టుకుంటూ, "ఏమైందిరా నాన్నా నీకు?" అన్నాడు.

"ఏం కాలేదు నాన్నా. బాగున్నా."

"బాగున్నవాణ్ణి చూసి ఇంతమంది ఏడవరు కదరా."

నాన్న అక్క వైపు చూశాడు. అక్క నేల చూసింది.

"సంచి సర్దుకో. మధ్యాహ్నం బస్సుకి పోదాం. చదువూ వద్దు, ఏమీ వద్దు. కొట్లో నా పక్కన కూర్చుందువుగాని. బొత్తాలు కుట్టినా సరే, నా కళ్ళ ముందుంటే చాలు."

"అలాగే నాన్నా," అన్నాడు తమ్ముడు.

అలాగే అట! అక్కకి ఏడుపొచ్చింది. పోనీ రానని మొండికెయ్యొచ్చు కదా, ఒక్కసారి అరవొచ్చు కదా. ఏ తాడూ వద్దన్న మనిషి ఎవరు ఎటు లాగితే అటు వెళ్తానంటాడేం?

బయట జీపు ఆగిన చప్పుడైంది.

*

సర్జరీ మేడం ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కొట్టంలో మోకాళ్ళ మీద కూర్చుంది. దూడ గోనె సంచుల మీద పక్కకి ఒరిగి పడుకుని ఉంది. ప్లాస్టరు నాని పిండిలా అయిపోయింది. మేడం దాన్ని చేత్తోనే ఒలిచింది. కింద పాత విరుపు చక్కగా అతుక్కుంది. అది చూసి కళ్ళజోడు చిన్నగా "అయ్యో" అంది. వాళ్ళు అతికించిన చోట అతుక్కునే ఉంది, దానికి పైన మోకాలు దాటాక కొత్తగా విరిగింది.

"మీ పని మీరు బాగానే చేశారు," అంది మేడం. అంతకన్నా తిట్టినా బాగుండేది.

"ఎముకకి పిన్నులు వేస్తే మేడం?" అన్నాడు మిరపకాయ.

"వెయ్యొచ్చు. ఇసక పోయింది లోపలికి, చీము పడుతుంది. మూడు కాళ్ళ మీద ఎంతకాలం నిలబడుతుంది? బరువు పెరిగే దూడ." చేతులు తుడుచుకుంది. "ముగించెయ్యాలి."

నాన్నకి ఆ మాట అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక టేపు రెండు కొసలూ పట్టుకుని కొట్టం బయటికెళ్ళి నిలబడ్డాడు.

"మీరు చేస్తారా మేడం?" అంది అక్క.

"మీ కేసు కదా."

ఆ మాటలో కోపం లేదు. అది కూడా పద్ధతే. మొదలుపెట్టినవాళ్ళే చివరిదాకా ఉండాలి. మేడం పెట్టె తెరిచి పెద్ద సిరంజి తీసి మందు నింపింది, అక్క చేతికిచ్చింది. నలుగురిలో మెడ నరం పట్టడంలో అక్కది మంచి చెయ్యి. ఒక్కసారికే దొరుకుతుంది.

"తల ఎవరు పడతారు?"

మిరపకాయ చూపు తిప్పుకున్నాడు. కళ్ళజోడు దారం కట్టిన కాడని సరిచేసుకుంటూ ఉండిపోయింది.

"నేను," అన్నాడు తమ్ముడు.

"వద్దురా," అంది అక్క. గబుక్కున అనేసింది.

"నేను పడతా అక్కా."

వచ్చి కూర్చున్నాడు. దూడ తల ఒళ్ళోకి తీసుకున్నాడు. వాణ్ణి గుర్తుపట్టింది కాబోలు, అంత బాధలోనూ ముక్కు వాడి అరచేతిలో పెట్టింది. పాల కోసం అలా పెట్టేది. వాడు కింది దవడ కింద ఒక చెయ్యి, మెడ మీద ఒక చెయ్యి వేసి తలని కాస్త పైకెత్తాడు, నరం బిగుసుకునేలా. ఎలా పట్టాలో అలా పట్టాడు. పుస్తకంలో బొమ్మ వేసుకోవచ్చు.

అక్క బొటనవేలితో నరం నొక్కింది. ఉబ్బింది. సూది దించబోతూ ఒక్కసారి తలెత్తి తమ్ముడి మొహం చూసింది. నెలన్నరగా ఆ మొహంలో ఉన్న నవ్వు ఇప్పుడెలా ఉంటుందో చూడాలని భయంగా చూసింది. ఏడుస్తుంటాడేమో, లేదా ఇంకా నవ్వుతూనే ఉంటాడేమో. రెండూ భయమే.

వాడు దూడ చెవి చూస్తున్నాడు.

దూడ మాత్రం వాడి కళ్ళలోకి చూస్తోంది. నల్లటి పెద్ద కన్ను, అందులో తలుపులోంచి పడ్డ వెలుగు. అది చూస్తూనే ఉంది. వాడు చెవి మీంచి చూపు తిప్పలేదు.

"ఇప్పుడు, అక్కా. చెవి వదులైంది," అన్నాడు.

ఆసుపత్రిలో ఏ అనుభవం ఉన్న డాక్టరైనా అనేలా అన్నాడు. అక్క సూది దించింది, నరంలోనే ఉందా అని నెత్తురు వెనక్కి లాగి చూసింది, మందు తోసింది. చెయ్యి చేసే పని చెయ్యి చేసేసింది.

ఎంతోసేపు పట్టలేదు. తల బరువెక్కింది. తమ్ముడు దాన్ని మెల్లిగా గోనె మీదికి దించాడు. చూపుడువేలు చివర దూడ కంటి గుడ్డుకి తాకించాడు. రెప్ప కొట్టుకుంటుందేమోనని చూడాలి, అదీ పద్ధతే.

"రెప్ప లేదు," అన్నాడు. "అయిపోయింది మేడం."

*

ఆ తర్వాత జరిగిందంతా అక్కకి ఏదో సినిమాహాల్లో ఆలస్యంగా వెళ్ళి కూర్చున్నట్టుంది.

తమ్ముడు లేచి చేతులు కడుక్కున్నాడు. మిరపకాయ దగ్గరికెళ్ళి, "తప్పు నాదేరా. క్షమించు," అన్నాడు. మిరపకాయ తిట్లన్నీ సిద్ధంగా పెట్టుకున్నవాడు, ఒక్కటీ బయటికి రాక, "సర్లే" అన్నాడు. తర్వాత మేడం వైపు తిరిగి, "ఇంకో కేసు ఇస్తారా మేడం, పరీక్షకి?" అని అడిగింది కూడా తమ్ముడే.

మేడం ఆలోచించింది. "వార్డులో మేక ఒకటుంది. వెనక కాలు. కట్టు విప్పే సమయమైంది. ఆ బ్యాచ్‌లో ఒకడు మానేశాడు, చేతులు చాలట్లేదు, మీరు కలవొచ్చు. పాత ఎక్స్‌రేలు చదువుకుని రావాలి."

"చదువుతాం."

"నలుగురూనా?"

"నలుగురం," అన్నాడు తమ్ముడు. "మేకైతే నయం. దగ్గరగా కట్టిపడేస్తే ఎటూ పోదు."

కళ్ళజోడు సంతోషం పట్టలేక అక్క చెయ్యి గట్టిగా నొక్కింది. మిరపకాయ మొహంలో రక్తం తిరిగింది. "వాగుడుకాయ తిరిగొచ్చాడ్రోయ్" అని వీపు మీద ఒకటి చరిచాడు. తమ్ముడు నవ్వాడు. పళ్ళు కనిపించాయి, పెదాలు సాగాయి. పూర్వం నవ్వే నవ్వే అది. అక్క దాన్ని పసితనం నుంచీ ఎరుగును.

నెలన్నరగా ఆమె కోరింది ఇదే. మా తమ్ముణ్ణి మాకిచ్చెయ్యి అని దిండులో మొహం పెట్టుకుని ఏ దిక్కున ఉన్న ఎవరికో మొక్కింది. ఇచ్చేశారు. మరి గుండెల్లో ఈ దడేమిటి?

నాన్న సంగతి చెప్పనక్కర్లేదు. కొడుకు వచ్చి "పరీక్ష రాసి వస్తా నాన్నా, మధ్యాహ్నం బస్సుకి నువ్వెళ్ళు" అనగానే ఆయన అక్కడే రాయి మీద కూర్చుండిపోయాడు. కూర్చుని, టేపు మెడలోంచి తీసి చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అంత ప్రాణం కుదుటపడింది.

"చూశావుటే అమ్మాయ్! నువ్వేమో కొంపలు మునిగిపోయినట్టు ఫోన్ చేశావు. కుర్రాడు శుభ్రంగా ఉన్నాడు. కాస్త అలసిపోయాడంతే."

"అవును నాన్నా," అంది అక్క.

ఇంకేమంటుంది? నాన్నా, వీడు శుభ్రంగా లేడు, వీడిలో ఏదో ఆరిపోయింది, ఆర్పమని నిన్ను పిలిచింది నేనే అంటుందా? అంటే నాన్న ఈసారి ఆమె నడుము కూడా కొలుస్తాడు.

మిరపకాయా కళ్ళజోడూ దూడని పాతడానికి పెరడు అవతల గొయ్యి తవ్వుతున్నారు. తమ్ముడు పంపు దగ్గర పలుపు కడుగుతున్నాడు. అక్క వెళ్ళింది. పంపు కొట్టింది. నీళ్ళు వాడి చేతుల మీద పడ్డాయి, బురద పోయి తాడు తెల్లబడుతోంది.

"ఒరేయ్."

"ఊ."

"ఏదో చెబుతానన్నావుగా."

"ఎప్పుడు?"

"ఎప్పుడేంట్రా. ఎన్నిసార్లు అడిగావు! కొట్టం దగ్గర, బస్సులో, బట్టలారేస్తుంటే. అక్కా ఒకటి చెప్పనా, ఒకటి చెప్పనా అని. ఇప్పుడు చెప్పు. వింటా." పంపు వదిలేసి వాడి ఎదురుగా గొంతుక్కూర్చుంది. "పొయ్యి మీద ఏం లేవు. కూర్చున్నా చూడు. ఆ రోజు దాని కంట్లో ఏం చూశావు?"

తమ్ముడి చేతులు ఆగాయి. నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నాడు, కనుబొమలు దగ్గరికొచ్చాయి. చిన్నప్పుడు ఎక్కం మధ్యలో ఆగిపోతే అలాగే పెట్టేవాడు మొహం. పంపులోంచి ఆఖరి చుక్కలు రాయి మీద పడుతున్నాయి.

"ఏదో ఉండేదక్కా," అన్నాడు. "చాలా... నీకు తప్పకుండా చెప్పాలనుకున్నా. నీకొక్కదానికే."

"ఊ. చెప్పు."

"గుర్తు రావట్లేదు."

"మెల్లిగా. కంగారేం లేదు. దూడ తల నీ ఒళ్ళో ఉంది. నువ్వు చూశావు..."

"చూశాను. అది కూడా చూసింది." తల అడ్డంగా ఊపాడు. "అంతే అక్కా. దూడ కన్ను. అంతే గుర్తుంది."

అక్క వాడి తడి చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది, లాగేస్తారేమో అన్నట్టు. వాడు కాసేపు పట్టుకోనిచ్చి, నెమ్మదిగా విడిపించుకున్నాడు.

"ఎక్స్‌రేలు చూడాలి. టైం లేదు," అని లేచాడు. రెండడుగులు వేసి, ఆమె మొహం చూసి జాలేసిందేమో, ఆగాడు. "పరీక్షలయ్యాక గుర్తొస్తే చెబుతాలే."

వెటకారంగా అనలేదు. అంటే బాగుండేది.

వెళ్తూ వెళ్తూ కొట్టం దగ్గర ఆగి, తడి పలుపును గుంజకి కట్టాడు, ఆరడానికి. అదే ముడి. కొస ఉచ్చులోంచి దూర్చి పెట్టి, గట్టిగా ఉందో లేదోనని ఒకసారి లాగి చూసుకున్నాడు.

"అమ్మాయ్, టీ పెట్టవే!" వంటింట్లోంచి నాన్న సంతోషంగా కేకేశాడు. "పాలు ఎక్కడున్నాయో చెప్పు, నేనే పెడతాను పోనీ!"

అక్క నోరు తెరిచింది. పాలు ఆ మూల గిన్నెలో ఉన్నాయి, పొద్దున దూడ కోసం తీసిపెట్టినవి. ఆ మాట ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు.